వెతకని చోట దొరికిన కణితి – ఒక సంఖ్య కథ

కడుపునొప్పికని స్కాన్ తీయిస్తే, నివేదికలో ‘అధివృక్క గ్రంథిలో కణితి’ అన్న మాట కనిపించి కలవరపడేవారు నేడు అనేకులు. యాభై ఏళ్ళ క్రితం ఈ కలవరం దాదాపు లేదు. కణితులు లేక కాదు, వాటిని చూడగల సాధనం లేక.

మూత్రపిండాలపై టోపీల వలె అమరివుండే ఈ ఎడ్రినల్ గ్రంథులను 16వ శతాబ్దంలో ఇటలీ శరీరశాస్త్రవేత్త యూస్టాకియస్ వర్ణించాడు. అవి చెడిపోతే మనిషి నీరసించి, చర్మం నల్లబడి, క్రమంగా మరణిస్తాడని 1855లో లండన్ వైద్యుడు థామస్ ఎడిసన్ గ్రంథస్థం చేశాడు. అయినా బ్రతికున్న మనిషిలో వాటిని చూడడం దుర్లభమే. మూత్రపిండాల చుట్టూ వాయువును ఎక్కించి ఎక్స్‌రే తీసే కష్టతరమైన పద్ధతి ఒకటుండేది. బలమైన అనుమానం ఉంటే తప్ప ఎవరూ దానికి పూనుకునేవారు కారు.

1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో తొలిసారిగా ఒక రోగి మెదడుకు సీటీ స్కాన్ తీశారు. ఆ యంత్రాన్ని నిర్మించిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ వైద్యుడు కాదు. గ్రామఫోన్ రికార్డులకు పేరొందిన ఈఎంఐ సంస్థలో ఇంజనీరు. 1979లో ఆయనకూ, అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ బహుమతి లభించింది. త్వరలోనే సీటీ పొట్టలోకీ చూడసాగింది. మరొక జబ్బు కోసం తీసిన స్కాన్లలో ఎడ్రినల్ కణితులు అనుకోకుండా బయటపడసాగాయి. 1982 నాటికి శస్త్రవైద్యులు వాటికి ‘ఇన్సిడెంటలోమా’ అని పేరు పెట్టారు.

పేరు దొరికింది కాని, దారి దొరకలేదు. అది నిరపాయకరమా, క్యాన్సరా? అప్పట్లో ప్రధానమైన కొలమానం పరిమాణమే. పెద్దదైతే కోసి తీసేవారు, చిన్నదైతే మళ్ళీ మళ్ళీ స్కాన్ తీసేవారు. నిరపాయకరమైన కణితికి కత్తిగాటు పడిన సందర్భాలు లేకపోలేదు.

సమాధానం ఆ యంత్రంలోనే ఉంది. సీటీ ప్రతి కణజాలపు సాంద్రతనూ ఒక సంఖ్యగా కొలుస్తుంది. దాని ప్రమాణానికి హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకు సుమారు మైనస్ 100. హార్మోన్ల తయారీకి ముడిసరుకుగా ఎడ్రినల్ కణాలు కొవ్వు పదార్థాన్ని నిల్వచేసుకుంటాయి. అందుచేత నిరపాయకరమైన ఎడినోమాలలో అధికభాగం తక్కువ సంఖ్యను చూపుతాయి. 1998లో పలు అధ్యయనాలను క్రోడీకరించిన పరిశోధకులు, మందు ఎక్కించకుండా తీసిన స్కాన్‌లో 10ని హద్దుగా పెట్టుకుంటే ఎడినోమాలలో 71 శాతం గుర్తుపట్టవచ్చనీ, ఎడినోమా కానివాటిలో 98 శాతాన్ని సరిగా వేరుచేయవచ్చనీ తేల్చారు. మిగిలిన ఎడినోమాల కోసం, మందు ఎక్కించి 15 నిమిషాలలో అది ఎంత కడిగివేయబడిందో లెక్కించే పద్ధతి వచ్చింది. దానిపై నేడు మునుపటంత నమ్మకం లేదు.

2023 నాటి ఐరోపా మార్గదర్శకాల ప్రకారం, కణితి అంతటా ఒకే తీరుగా ఉండి సంఖ్య 10 లేదా అంతకు తక్కువైతే, పరిమాణం ఎంతైనా దానికి మళ్ళీ స్కాన్ అవసరం లేదు. పరిమాణం ఏలిన చోట సాంద్రత పీఠమెక్కింది.

అయితే ఈ సంఖ్య క్యాన్సర్ భయాన్ని తీర్చగలదే గాని, హార్మోన్ల సంగతి చెప్పలేదు. నిరపాయకరమైన కణితి సైతం కార్టిసాల్‌ను అధికంగా స్రవించి మధుమేహానికీ, రక్తపోటుకూ దోహదం చేయవచ్చు. రాత్రి ఒక డెక్సామెథసోన్ మాత్ర, మరునాటి ఉదయం రక్తపరీక్ష – దీనితో అది తెలుస్తుంది. రక్తపోటు ఉన్నవారికి ఆల్డోస్టిరోన్ పరీక్ష కూడా అవసరం. సంఖ్య 10 దాటితే, సూదికీ కత్తికీ ముందే మెటానెఫ్రిన్ల పరీక్ష జరగాలి. ఫియోక్రోమోసైటోమా అనే కణితిని తెలియక కదిలిస్తే రక్తపోటు ప్రాణాంతకంగా ఎగబాకవచ్చు.

కనుక అటువంటి నివేదిక చేతికందినప్పుడు వైద్యుణ్ణి రెండు ప్రశ్నలు అడగండి: మందు లేకుండా తీసిన స్కాన్‌లో సంఖ్య ఎంత? హార్మోన్ పరీక్షలు జరిగాయా?