మాల్గుడి తపాలా బంట్రోతు

భారతదేశపు పటములో మాల్గుడి కనిపించదు. 1930లో బెంగుళూరున, అవ్వగారు ఎంచిన శుభదినమున నోటుపుస్తకము తెరచి కూర్చున్న ఆర్. కె. నారాయణ్ గారి మనస్సునకు మొట్టమొదట ఒక చిన్న రైల్వే స్టేషను తోచినది. దాని పేరు మాల్గుడి. ఊరు తరువాత వచ్చినది: బడి, బజారు, పురపాలక సంఘము, సరయూ నది. 1935లో, ఆంగ్ల రచయిత గ్రాహం గ్రీన్ గారి చొరవవలన, ఆ ఊరిని గూర్చిన తొలి నవల లండనులో అచ్చయినది. కథలు మాత్రము మరొక దారిని వచ్చినవి. వానిలో పెక్కు మద్రాసు ‘హిందూ’ పత్రికలో వెలువడినవి. కాఫీ త్రాగుచు పత్రిక విప్పెడి గుమాస్తాలు, వకీళ్ళు, ఉపాధ్యాయులు వానిని చదివినారు; కథలలోని మనుష్యులును వారే.

1986లో శంకర్ నాగ్ గారి ధారావాహిక దూరదర్శన్‌లో ప్రసారమైన పిమ్మట ఇంగ్లీషు రాని కుటుంబములకు సైతము ఆ ఊరు పరిచయమైనది. మన తెలుగులోను సత్యం శంకరమంచి గారి నూరు ‘అమరావతి కథలు’ ఇట్టి ఆదరమునే పొందినవి; 1979లో వానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

ఈ ఆదరమునకు కారణము గతించిన కాలముపై మోజు అని, జట్కాబండ్లు, అరుగులు, తీరిక చూచి జనులు మురియుచున్నారని కొందరందురు. మేము అంగీకరింపజాలము. ఆ ఊరిలో తీరిక ఎవరికున్నది? నెలకు 40 రూపాయల గుమాస్తా వెంకటరావు కూతురిని సినిమాకు తీసికొని పోదునని మాట యిచ్చును. సెలవు దొరకదు. రోసి రాజీనామా వ్రాయును. జీతము 45 రూపాయలైనదని తెలియగానే దానిని చింపివేయును. ఇల్లు చేరుసరికి పిల్ల క్రొత్త గౌను విడువక అట్లే నిద్రపోయియుండును. ఇందు మోజు పడదగిన దేమున్నది?

చిన్న ఊరిలో ఉద్యోగధర్మమునకును, ఇరుగుపొరుగు ఋణమునకును నడుమ గోడ మిక్కిలి పలుచన. తపాలా బంట్రోతు తానప్ప కథ ఇదియే. రామానుజంగారి కుమార్తె కామాక్షిని పుట్టినది మొదలు ఎరిగినవాడు. ఆమె సంబంధమునకై తండ్రిని తొందరపెట్టినవాడు. పెండ్లి ఇంటికి, దగ్గర బంధువు కడతేరు స్థితిలో నున్నాడని కార్డును, వెనువెంటనే మరణవార్త తంతియు వచ్చును. అందించినచో ముహూర్తము తప్పును. తప్పినచో ఆ సంబంధము మరల దొరకుట దుర్లభము. తానప్ప రెంటిని దాచును. పెండ్లి సంతోషముగా జరిగిపోవును.

వార్తలను వేళకు అందించుటయే వృత్తిగా గల మాకు ఈ కథ చదివినపుడెల్ల కొంత ఇబ్బంది కలుగును. కామాక్షి వంక చూచినచో తానప్పను నిందింపలేము. కాని అచ్చట, ఆ శవము ప్రక్కన, రామానుజము కొరకు వీథివైపు చూచినవా రుండరా? కథకుడు వారిని మనకు చూపడు. చూపినచో మన మనస్సు ఎటు మ్రొగ్గునో చెప్పలేము.

తానప్ప తుదకు ఆ కార్డును, తంతిని తెచ్చి రామానుజము చేతికిచ్చి, ఫిర్యాదు చేసినచో తన ఉద్యోగము పోవునని తానే చెప్పి వెళ్ళిపోవుచుండును. రామానుజము వెనుకకు పిలుచును. ఫిర్యాదు చేయనని చెప్పును. ఇట్లు చేయకుండవలసినదని మాత్రము అనును. తెలిసినదని తానప్ప చెప్పి వెళ్ళిపోవును.