షూమన్, క్లారా
షూమన్, క్లారా (1819–1896): జర్మన్ పియానో విద్వాంసురాలు, స్వరకర్త. లైప్‌జిగ్‌లో 1819 సెప్టెంబరు 13న జన్మించింది. తండ్రి ఫ్రీడ్రిక్ వీక్ పేరున్న పియానో గురువు. ఈమెకు శిక్షణ ఇచ్చింది ఆయనే. తొమ్మిదో ఏట లైప్‌జిగ్‌లోని గెవాండ్‌హౌస్ సభామందిరంలో తొలిసారి వాయించింది. స్వరలిపి చూడకుండా కంఠస్థంగా కచేరీ చేసే పద్ధతికి ఆద్యులలో ఈమె ఒకరు.

తాను రచించిన ఎ మైనర్ పియానో కాన్సెర్టోను 1835లో స్వరకర్త మెండెల్సన్ నిర్వహణలో స్వయంగా వాయించింది. అందులోని విలంబ భాగంలో వాద్యబృందమంతా మౌనం వహించగా, ఒక్క చెల్లో మాత్రమే పియానోతో సంభాషిస్తుంది. జి మైనర్ పియానో త్రయం (1846) ఈమె రచనల్లో అత్యుత్తమమైనదిగా పేరొందింది.

తండ్రి అభ్యంతరంపై కోర్టుకెక్కి గెలిచి, 1840లో స్వరకర్త రాబర్ట్ షూమన్‌ను పెళ్లాడింది. వీరికి ఎనిమిదిమంది సంతానం. మానసిక వ్యాధితో భర్త 1856లో మరణించాక స్వరరచన దాదాపు మానేసి, యూరప్ అంతటా కచేరీలు చేస్తూ కుటుంబాన్ని పోషించింది. రాబర్ట్ రచనలకు, స్వరకర్త బ్రామ్స్ రచనలకు విస్తృత ప్రచారం కల్పించింది. భర్త సమగ్ర రచనలకు సంపాదకత్వం వహించింది. 1878 నుంచి 1892 వరకు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోక్ సంగీత విద్యాలయంలో బోధించింది. 1896 మే 20న ఆ నగరంలోనే మరణించింది. సమాధి బాన్ నగరంలో భర్త చెంతనే ఉంది.