బైక్ ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందా? పెద్దది మాత్రం వేయకండి

మేముండేది దోహాలోని ఉమ్ ఘువైలినాలో. మొన్న రాత్రి పదకొండు దాటాక, డెలివరీ పని చేసే జగిత్యాల తమ్ముడొకడు బైక్ తోసుకుంటూ మా బిల్డింగ్ కిందికి వచ్చాడు.

"అన్నా, హెడ్‌లైట్ ఫ్యూజ్ రోజూ పోతుంది. మార్చలేక 10 ఆంప్స్ తీసి 30 ఆంప్స్‌ది పెట్టిన. ఇప్పుడు కాలిన వాసన వస్తుంది" అన్నాడు.

విప్పి చూస్తే పెట్రోల్ ట్యాంకు కింద వైరు తొడుగు కరిగి పక్క వైరుకు అంటుకుంది. రెండు రోజుల సంపాదన పోయింది. మనిషికి ఏమీ కాలేదు, అదే పదివేలు. ఇక్కడైనా ఊళ్లోనైనా మన పిల్లలు బైకుల మీదే తిరుగుతున్నారు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

12 వోల్టులే కదా అనుకోవద్దు

ఇంట్లో 240 వోల్టుల మీద 60 వాట్ల బల్బు పావు ఆంపియర్ తీసుకుంటుంది. బైక్‌లో 12 వోల్టుల మీద అదే 60 వాట్లకు 5 ఆంప్స్ కావాలి. అంటే ఇరవై రెట్లు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. 12 వోల్టులు షాక్ కొట్టకపోవచ్చు, కానీ నిప్పు పుట్టించగలవు.

ఫ్యూజ్ కరిగేది ఎక్కువ కరెంటు పారినప్పుడు. అది ముఖ్యంగా కాపాడేది వైరును. 10 ఆంప్స్‌కు సరిపోయే వైరుకు 30 ఆంప్స్ ఫ్యూజ్ పెడితే, ఫ్యూజ్ కన్నా ముందు వైరే కాలుతుంది. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టినా అంతే.

రంగులు గుర్తుపెట్టుకోండి

లేత గోధుమ 5 ఆంప్స్, ముదురు గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఫ్యూజ్ బాక్స్ మూత మీద ఎంత రాసి ఉంటే అంతే వేయాలి.

మీటర్‌తో చూసే పద్ధతి

మీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి బ్యాటరీ మీద చూడండి.

- బండి ఆపి కొన్ని గంటలైతే: 12.6 నుంచి 12.8 ఉంటే నిండు చార్జి. 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ.
- ఇంజిన్ కాస్త రేజ్ చేస్తే: 13.5 నుంచి 14.5 మధ్య రావాలి.
- 13 దాటకపోతే చార్జింగ్ అందడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్‌ను అనుమానించండి. బల్బులు మాడతాయి, బ్యాటరీ ఉడికిపోతుంది.

ఇక్కడి ఎండ వేడికి బ్యాటరీ ఆయుష్షు ఎలాగూ తగ్గుతుంది. జూన్‌కు ముందే ఒకసారి చూపించుకోండి.

ఫ్యూజ్ ఎందుకు పోతోంది?

స్విచ్ వేయగానే పోతే ఎక్కడో షార్ట్ ఉంది. హ్యాండిల్ తిప్పినప్పుడే పోతే మెడ దగ్గర వైరు ఒరుసుకుంటోంది. కొత్త లైటు, ఫోన్ చార్జర్ పెట్టాక మొదలైతే ముందు వాటినే తీసి చూడండి. వైర్లు విప్పేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర పెట్టాలి.

మా తమ్ముడి బండిలో దొంగ ఫోన్ చార్జర్ వైరే. హెడ్‌లైట్ వైరుకు అతికించి, హ్యాండిల్ సందులో నలిగేలా వదిలేశారు. కాలిన వైర్లు మార్చి, చార్జర్‌కు బ్యాటరీ దగ్గరే విడిగా 5 ఆంప్స్ ఫ్యూజ్ పెట్టాం. హెడ్‌లైట్‌కు మళ్లీ ఎర్ర ఫ్యూజే వేశాం. ఇప్పటిదాకా పోలేదు.

ఫ్యూజ్ ఒకసారి పోతే మార్చండి. రెండోసారీ పోతే అది ఏదో చెబుతోందని అర్థం, కారణం వెతకండి.