ఇంటిల్లిపాది పథ్యము

ఫిన్లాండు దేశపు తూర్పు సరిహద్దున ఉత్తర కరేలియా యను మండలము కలదు. అడవులు కొట్టియు, పాడిపశువులను పెంచియు జీవించు దృఢకాయులకు అది పుట్టినిల్లు. అయినను 1960వ సంవత్సరము తరువాత అచ్చటి పురుషులు పెక్కుమంది నడివయస్సుననే గుండెజబ్బుచే మరణించుచుండిరి. అనేక గృహములలో తల్లియే బిడ్డలకు దిక్కయ్యెను.

1971లో మండల ప్రతినిధులు తమకు సాయము చేయుమని ప్రభుత్వమునకు విన్నవించుకొనిరి. మరుసటి యేట పెక్కా పుస్కా యను యువవైద్యుని నాయకత్వమున ఉద్యమము ప్రారంభమయ్యెను. రొట్టెపై మందముగా పూయు వెన్న, మీగడ తీయని పాలు, ఉప్పు, పొగాకు - ఇవియే శత్రువులని వైద్యులు తెలిపిరి. కాని వంట చేయునది గృహిణి. ఆమె చేయి మారనిదే మగని కంచము మారునా? కావున 1899లో స్థాపితమైన మార్తా స్త్రీసంఘము పూనుకొనెను. ఆ సభ్యురాండ్రు పల్లెలలో విందులు జరిపి, కొవ్వును ఉప్పును తగ్గించి, కూరగాయలు చేర్చి, పాతవంటలనే క్రొత్తగా వండి చూపిరి. పిమ్మట గ్రామములు ఒండొంటితో పందెము వేసికొని రక్తములోని కొవ్వును తగ్గించుకొనినవి.

40 ఏండ్లలో, పనిచేయు వయస్సుగల పురుషులయందు ఈ వ్యాధిచే కలుగు మరణములు నూటికి 80కి పైగా తగ్గెను. క్రొత్త చికిత్సలకును ఇందు పాలు కలదు. అయినను తొలి యేండ్ల తగ్గుదలలో అధికభాగము అలవాట్ల మార్పువలననే కలిగెనని పరిశోధకులు లెక్కగట్టిరి.

మన యిండ్లలో హృద్రోగికి మాత్రము వేరుగా చప్పిడికూడు వండిపెట్టుట వాడుక. ప్రక్క కంచములలో ఊరగాయ ఘుమఘుమలాడుచుండగా ఆతని పథ్యము ఎన్నాళ్లు నిలుచును? ఇంటిల్లిపాదియు ఉప్పు తగ్గించుకొనినచో, కొలదివారములలో నాలుక అందుకు అలవాటుపడును. అప్పుడది ఒక్కని పథ్యము గాక అందరి భోజనమే యగును.