గడప బెదురు లేని భవనాలు



ఒక్క మాట అడుగుతాను, జవాబు మనసులోనే చెప్పుకోండి. ఊళ్ళో ఒక పెద్ద గ్రంథాలయమో, మ్యూజియమో, నాటకశాలో ఉంటుంది. కూరల సంచీ చేత పట్టుకునో, పిల్లవాణ్ణి బడి నుంచి తీసుకొస్తూనో దాని ముందు నుంచి వందసార్లు నడిచి ఉంటాం. లోపలికి ఎన్నిసార్లు వెళ్ళాం? ఆ ఎత్తయిన మెట్లూ, లావుపాటి స్తంభాలూ, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకు కూర్చున్న జవానూ అన్నీ కలిసి "నీకిక్కడ ఏం పని?" అని అడుగుతున్నట్టే ఉంటుంది కదూ? తీరా చూస్తే అది కట్టింది ప్రజల డబ్బుతోనే. అంటే మన డబ్బుతోనూ. అయినా గడప దగ్గర ఆ బెదురు పోదు.

ఆ బెదురు లేకుండా భవనాలు కట్టవచ్చునని చూపించిన ఒక సంస్థ కథ ఈ వేళ చెప్పుకుందాం. దాని పేరు స్నోహెట్టా. పుట్టిల్లు నార్వే దేశపు రాజధాని ఓస్లో.

స్నోహెట్టా అంటే నిజానికి ఒక పర్వతం. డొవ్రే కొండల్లో 2,286 మీటర్ల ఎత్తున, నెత్తిన మంచు ముసుగు వేసుకుని నిలబడి ఉంటుంది. 1987లో ఓస్లోలో కొందరు యువ వాస్తుశిల్పులు ఒకచోట చేరారు. మామూలుగా అయితే ఇల్లు గీసేవారు వేరు, ఇంటి చుట్టూ నేలా, తోటా, దారులూ తీర్చేవారు వేరు. ఇల్లు పూర్తయ్యాక గాని రెండోవారికి కబురు వెళ్ళదు. అలా కాకుండా ఇద్దరూ మొదటి రోజు నుంచే ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని వీళ్ళు అనుకున్నారు. వంటా వడ్డనా ఒక చేతి మీద నడిచినట్టన్న మాట.

రెండేళ్ళు తిరక్కుండానే వాళ్ళకు పెద్ద పరీక్ష ఎదురైంది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరం పేరు మీరు వినే ఉంటారు. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో టాలెమీ రాజులు అక్కడ ఒక గొప్ప గ్రంథాలయం స్థాపించారు. రేవుకు వచ్చిన ఓడల్లో పుస్తకం కనిపిస్తే తీసుకుని, నకలు రాయించి, ఆ నకలు యజమానికిచ్చి అసలుది తామే ఉంచుకునేవారట! భూమి చుట్టుకొలతను లెక్కగట్టిన ఎరటోస్తనీస్ అక్కడి గ్రంథాలయాధికారే. అయితే అది రాజుగారి గ్రంథాలయం, పండితుల కోసం. బజారులో చేపలమ్ముకునే మనిషికి అందులో చోటు లేదు. కాలక్రమాన అది నశించింది. ఎవరు, ఎప్పుడు నాశనం చేశారన్న దాని మీద చరిత్రకారులు ఈనాటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. అదే నగరంలో గణితం బోధించిన హైపేషియా అనే విదుషీమణిని క్రీ.శ. 415లో ఒక మూక చంపేసింది. చదువుకు పుట్టిల్లయిన ఊళ్ళోనే చదువుకున్న ఆడదాని గతి అలా అయింది.

ఆ గ్రంథాలయాన్ని మళ్ళీ నిలబెట్టాలని ఈజిప్టు ప్రభుత్వం, యునెస్కో కలిసి అంతర్జాతీయంగా ఒక పోటీ పెట్టాయి. పేరున్న సంస్థలెన్నో పాల్గొన్నాయి. 1989లో ఫలితం వచ్చేసరికి మొదటి బహుమతి ఎవరూ పేరు వినని ఈ నార్వే కుర్రకారుకు దక్కింది. షెటిల్ థోర్సెన్, అమెరికాకు చెందిన క్రెయిగ్ డైకర్స్ ఆ బృందంలో ముఖ్యులు. ఎలేన్ మోలినార్ అనే స్త్రీ కూడా మొదటి నుంచీ ఆ బృందంలో ఉంది. ఆ మాట మనం మరవకూడదు.

గెలవడం ఒక ఎత్తు, కట్టడం ఒక ఎత్తు. 1990లో అస్వాన్‌లో సభ జరిపి విరాళాలు సేకరించారు. పని మొదలయ్యేసరికి 1995 వచ్చింది. 2002 అక్టోబరు 16న ప్రారంభోత్సవం జరిగింది. మొత్తం ఖర్చు సుమారు 22 కోట్ల డాలర్లు.

ఎలా ఉంటుందంటారా? సముద్రపొడ్డున పెద్ద పళ్ళెం ఒకటి ఏటవాలుగా నేలలోంచి పైకి లేస్తున్నట్టు ఊహించుకోండి. పొద్దు పొడుస్తున్నట్టూ ఉంటుంది. ఆ పళ్ళెం వ్యాసం 160 మీటర్లు. దాని కింద ఒకే ఒక్క పెద్ద చదువుల గది, మెట్టు మెట్టుగా పదకొండు అంతస్తులలో దిగుతుంది. గదులుగా విడగొట్టకపోవడంతో పండితుడూ, బడిపిల్లా ఒకే కప్పు కింద చదువుకుంటారు. కప్పులోని కిటికీలలోంచి వెలుతురు పుస్తకాల మీద ఎండ పడకుండా వస్తుంది. బయటి గోడకు అస్వాన్ గ్రానైటు రాయి తొడిగి, దాని మీద దాదాపు 120 లిపుల అక్షరాలు చెక్కించారు. గోడే ఒక పలకన్న మాట.

విమర్శలు రాలేదనుకోకండి. ఎంతోమంది స్త్రీలకు ఇంకా అక్షరం రాని దేశంలో ఇంత డబ్బు పోసి ఇంత భవనమా అన్నవారున్నారు. ఎనభై లక్షల పుస్తకాలకు చోటు కట్టి, తెరిచిన నాటికి అందులో చిన్న భాగమే నింపగలిగారు. అలమార చేయించాం, చీరలేవీ అన్నట్టయింది. ఆ ప్రశ్నలు న్యాయమైనవే. తర్వాత క్రమంగా పుస్తకాలు చేరాయి. 2010లో ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం ఒక్కటే ఐదు లక్షల పుస్తకాలు బహూకరించింది.

ఇక వాళ్ళ సొంత ఊరికి వద్దాం. నార్వేకు జాతీయ ఆపెరా సంస్థ ఏర్పడింది 1957లో. ఆపెరా అంటే మన పద్యనాటకాల వంటిదే. మాటల బదులు పాటతోనే కథంతా నడుస్తుంది. దానికి మొదటి సంచాలకురాలు కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ అనే జగత్ప్రసిద్ధ గాయని. కాని సంస్థకు తగిన ఇల్లు మాత్రం దశాబ్దాల పాటు లేదు. పాత నాటకశాలలోనే సర్దుకుంటూ వచ్చారు. సొంత ఇంటి కోసం ఎదురు చూడడం ఏమిటో మనకు వేరే చెప్పాలా!

1999లో పార్లమెంటు అనుమతించింది. 2000లో జరిగిన పోటీలో స్నోహెట్టా గెలిచింది. స్థలం ఓడరేవు పక్కన, లారీల రొదా రహదారీ తప్ప మనిషి నడవని చోటు. 2008 ఏప్రిల్ 12న భవనం తెరిచారు. నీళ్ళలోంచి తెల్లని పాలరాయి వాలు మొదలై, అలాగే పైకి పాకి పాకి భవనానికి కప్పు అవుతుంది. ఆ కప్పు మీదికి ఎవరైనా ఎక్కవచ్చు. టిక్కెట్టు లేదు, ఖరీదైన దుస్తులు అక్కరలేదు. పిల్లల్ని తీసుకొచ్చేవారూ, భోజనం డబ్బా తెచ్చుకునేవారూ, ఊరికే కూర్చుని సముద్రం చూసుకునేవారూ అందరూ అక్కడే. లోపల పాట వినడానికి డబ్బు లేనివాడు కూడా ఆ భవనం నెత్తిన కూర్చుని వస్తాడు! సాయంత్రం రేవు మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నవారికి ఆ హాయి తెలుస్తుంది.

నాకు మరీ నచ్చినది ఇంకొకటి. ఆ భవనంలో వీధి వైపు కిటికీలు పెట్టి, వేషాలకు దుస్తులు కుట్టేవారి, రంగస్థలపు సామగ్రి తయారుచేసేవారి పని దారిన పోయేవారికి కనబడేటట్టు చేశారు. వెనక గదుల్లో దాగిపోయే సూదీ దారం పనిని గాజు వెనక గౌరవంగా నిలబెట్టారు. తెర వెనక పనంటే ఏమిటో ఇంటి ఇల్లాలికి బాగా తెలుసు కనక ఈ మాట చెప్పాను.

ఇక్కడా సణుగుళ్ళు లేకపోలేదు. రాయికి పేరు పడ్డ నార్వేలో ఇటలీ పాలరాయి ఎందుకన్నారు. తెల్లరాయి మీద పచ్చటి మరకలు కనబడి కొంత గొడవ అయింది. అయినా 2009లో యూరపు వాస్తుకళకు ఇచ్చే మీస్ వాన్ డెర్ రోహె బహుమతి ఈ భవనానికే వచ్చింది.

ఆ తర్వాత వీరి పని దేశదేశాలకూ పాకింది. న్యూయార్కులో 2001 నాటి దారుణానికి గుర్తుగా కట్టిన మ్యూజియానికి ప్రవేశమంటపం వీరిదే, 2014లో తెరిచారు. కూలిన గోపురాల ఉక్కు స్తంభాలు రెండు అందులో నిలబడి ఉంటాయి. ఆ ఊళ్ళోనే టైమ్స్ స్క్వేర్‌లో కార్లు తిరిగే వీధిని పాదచారులకు అప్పగించి, కూర్చోవడానికి రాతి బల్లలు వేశారు. కెనడాలోని కాల్గరీలో 2018లో నడుస్తున్న రైలు పట్టాల మీదుగానే గ్రంథాలయం కట్టారు. నార్వే ఇల్లాలు బజారుకు తీసుకెళ్ళే కరెన్సీ నోట్ల వెనక వైపు బొమ్మలు కూడా 2017 నుంచీ వీరు గీసినవే.

చివరకు అలెగ్జాండ్రియాకే తిరిగి వద్దాం. 2011 జనవరిలో ఈజిప్టు ప్రజలు ప్రభుత్వం మీద తిరగబడ్డారు. ఊళ్ళో పోలీసులు లేరు. కొన్నిచోట్ల లూటీలు, నిప్పు పెట్టడాలు జరుగుతున్నాయి. గాజూ, పుస్తకాలూ నిండిన ఆ గ్రంథాలయానికి చుట్టూ కోటగోడ లేదు. అప్పుడు ఏం జరిగిందో తెలుసా? ఊరి యువతీ యువకులు వచ్చి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని, భవనం చుట్టూ నిలబడ్డారు. జాతీయ పతాకాన్ని మెట్ల మీద పరిచారు. గ్రంథాలయానికి చెప్పుకోదగ్గ హాని ఏదీ జరగలేదు.

వెనకటి గ్రంథాలయం పోయిన రోజున దాని చుట్టూ అలా నిలబడినవారు ఉన్నారో లేదో చరిత్ర చెప్పలేదు. ఈసారి మాత్రం నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారంటే, అది తమదని వాళ్ళకు తెలుసు. పిల్లలుగా అందులో తిరిగారు, పరీక్షలకు అందులో చదువుకున్నారు. రానిచ్చిన ఇంటినే ఎవరైనా కాపాడుకుంటారు.

అందుకే చెప్పొచ్చేదేమంటే, ఈ వారం వీలు చూసుకుని, మీ ఊరి గ్రంథాలయం మెట్లు ఒక్కసారి ఎక్కండి. జవాను చూస్తే చూడనివ్వండి. పిల్లల్నీ వెంట తీసుకెళ్ళండి. ఆ గడప మనకు అలవాటు కావాలంటే ముందు మనం దాటాలి కదా!