పాట యింటికి వచ్చిన దారి

పాటను పట్టి నిలిపే యంత్రం పాడేవారి యింటికి రావటానికి సుమారు వంద సంవత్సరాలు పట్టింది. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్‌జాన్ పాటలను రికార్డు చేసినప్పుడు యంత్రమూ, మైనపు పలకా, చివరకు కాలమూ కంపెనీవే. మూడు నిమిషాల్లో రాగం ముగించి, చివర ఆమె తన పేరు తానే చెప్పుకునేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివారికి ఆ గొంతు యెవరిదో యెలా తెలుస్తుంది? రాగాన్ని కుదించింది శ్రోతల అభిరుచి అనేవారు రికార్డు పళ్ళెం వైశాల్యాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

టేపు వచ్చాక యీ పట్టు కొంత సడలింది. 1979లో జపాను కంపెనీ టీయాక్, మామూలు కాసెట్టు మీద నాలుగు ట్రాకులు విడివిడిగా నమోదు చేసే పోర్టాస్టూడియోను అమ్మకానికి పెట్టింది. 1982లో వెలువడిన బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘నెబ్రాస్కా’ న్యూజెర్సీలోని ఒక యింట్లో ఆ యంత్రం మీద తయారైనదే. అవే పాటలను స్టూడియోలో బృందంతో చేసి చూశారు గాని, చివరకు యింటి టేపునే విడుదల చేశారు.

కంప్యూటరు సంగతి వేరు. 1985 నాటి అటారీ ఎస్.టి.కి వాద్యాలను కలిపే మిడి ద్వారాలు వున్నాయి. అయితే అది స్వరాల ఆదేశాలను దాచేదే తప్ప గొంతును దాచేది కాదు. కారణం స్పష్టమే. సి.డి. ప్రమాణంలో సెకనుకు 44,100 నమూనాలు. రెండు చానెళ్ళకు నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు. 20 మెగాబైట్ల డిస్కులో పల్లవీ ఒక చరణమూ పట్టటమే గగనం! 1991లో వచ్చిన ప్రోటూల్స్‌కు ఖరీదైన ప్రత్యేక పరికరాలు కావలసి వచ్చాయి. 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ క్యూబేస్ వి.ఎస్.టి. ఆ పనిని కంప్యూటరు ప్రాసెసరుకే అప్పగించింది. 2000లో ఆడాసిటీ ఉచితంగా, మూలసంకేతంతో సహా అందరి చేతికీ వచ్చింది.

ఉత్పత్తి సాధనం చేతికి వచ్చింది, నిజమే. కాని ఆ సాధనం ఒంటరి మనిషి కొలతకు తయారైంది. చౌక పరికరాలకు ఒకటి రెండు మైకులకే చోటు. ఒక్కొక్కరే మెట్రోనోము టిక్కుటిక్కులు వింటూ పాడాలి. పైగా కంప్యూటరు శబ్దాన్ని ముక్కలుగా అందుకుంటుంది. ముక్కకు 512 నమూనాలైతే సెకనులో సుమారు 86వ వంతు ఆలస్యం, లోపలికి ఒకసారి, బయటికి మరొకసారి. తన గొంతు తనకే హెడ్‌ఫోన్లలో వెనుకబడి వినిపిస్తే గాయకుడు తడబడతాడు. 1997 నాటి ఏసియో పద్ధతి దీన్ని చాలా తగ్గించింది గాని ఒంటరితనాన్ని తగ్గించలేదు.

మన సాంస్కృతిక దళాలు గమనించవలసింది యిక్కడే. 1943లో యేర్పడిన ప్రజానాట్యమండలి వూరూరా తిప్పిన బుర్రకథను తీసుకోండి. కథకుడు వాక్యం ముగించీ ముగించకముందే వంతలు అందుకుంటారు. గుమ్మెట దెబ్బ ఆయన అడుగును బట్టి పడుతుంది. ముగ్గురినీ మూడు ట్రాకులుగా విడదీసి, మూడు రోజుల్లో రికార్డు చేసి అతికిస్తే మాట వుంటుంది, తాళం వుంటుంది, వంత మాత్రం వుండదు. జవాబు చెప్పేవాడికి ప్రశ్న వేసినవాడి మొహం కనిపించాలి.

అందుకే అటువంటి పాటలకు ఒక గది, ఒకటో రెండో మైకులు, ముగ్గురూ కలిసి పాడటమే మేలు. గుమ్మెట మోత కథకుడి మైకులోకి వస్తుంది. తప్పును విడిగా దిద్దటం కుదరదు, మొదటి నుంచీ పాడాలి. గుమ్మెటలను రెండడుగులు వెనక్కు నిలిపితే మోత చాలావరకు సర్దుకుంటుంది. మైకులు లేని రోజుల్లో బూర ముందు వాద్యాలను అలాగే దూరమూ దగ్గరా చూసి నిలబెట్టేవారు.