ఆస్ట్రేలియా మాగ్‌పై: జనావాసాల్లో గానం, ప్రవర్తన

ఆస్ట్రేలియాలో చాలా భాగంలోను, న్యూగినీ దక్షిణ ప్రాంతంలోను సహజంగా నివసించే నలుపు తెలుపు గానపక్షి ఆస్ట్రేలియా మాగ్‌పై. దీని శాస్త్రీయనామం జిమ్నోరైనా టిబిసెన్. 37 నుంచి 43 సెంటీమీటర్ల పొడవు, నల్లని మొన గల నీలిబూడిదరంగు ముక్కు, ఎరుపు కలిసిన గోధుమరంగు కళ్ళు దీని గుర్తులు. ఎవరూ మచ్చిక చేయకుండానే ఇళ్ళ ముంగిళ్ళలో, బడుల ఆవరణల్లో, ఆటస్థలాల్లో తరతరాలుగా స్థిరపడిన ఈ అడవిపక్షికీ మనుషులకూ మధ్య ఏర్పడిన పొరుగుబంధానికి ప్రత్యేకమైన చరిత్ర ఉంది. ఐరోపాలోని మాగ్‌పై కాకి కుటుంబానికి చెందినది కాగా, ఈ పక్షికి దగ్గరి బంధువులు ఆస్ట్రేలియా, న్యూగినీల్లో ఉండే బుచర్‌బర్డ్‌లు. రంగులోని పోలికను బట్టి ఆంగ్లేయ వలసదారులు తమ దేశపు పక్షి పేరునే దీనికీ పెట్టారు. తెలుగునాట పెరటిచెట్ల మీద పాడే పెద్దనలంచిని ఆంగ్లంలో మాగ్‌పై రాబిన్ అన్నా, దానికీ దీనికీ చుట్టరికం లేదు.

ఐరోపావాసులు రాకముందే ఈ పక్షి ఆదిమవాసుల కథల్లో చోటు సంపాదించుకుంది. నైరుతి ఆస్ట్రేలియాలోని నూంగార్ ప్రజలు దీనిని కూల్‌బార్డి అంటారు. పూర్వం ఆకాశం నేలను ఆనుకొని ఉండి లోకమంతా చీకటిగా ఉండేదనీ, మాగ్‌పైలు కర్రలతో దానిని పైకెత్తగా తొలి సూర్యోదయమైందనీ, అప్పుడు పుట్టిన పాటనే అవి నేటికీ వేకువన పాడుతున్నాయనీ చెప్పే ఆదిమవాసుల కథ ఒకటి ప్రచారంలో ఉంది. ఆంగ్ల పక్షిశాస్త్రవేత్త జాన్ లేథమ్ 1801లో దీనిని శాస్త్రీయంగా వర్ణించినప్పుడు వేణువాదకుడని అర్థమిచ్చే లాటిన్ పదాన్ని జాతినామంగా ఎంచుకున్నాడు. 1860లలో వలసదారులు పచ్చికబయళ్ళలోని పురుగుల బెడద తగ్గించడానికి దీనిని న్యూజిలాండ్‌కు తరలించారు. 1904 నుంచి ఇది దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్ర చిహ్నంలో ఉంది.

ఇళ్ళ చుట్టూ ఈ పక్షి నిలదొక్కుకోవడానికి మూలకారణం పచ్చిక. గూటికి ఎత్తైన చెట్టు, మేతకు పొట్టిగడ్డి నేల ఉంటే దానికి చాలు. అడవులు నరికి పొలాలు, శివారు కాలనీలు, తోటలు వేసిన కొద్దీ సరిగ్గా ఈ రెండూ పక్కపక్కనే అమరాయి. మేత వెతుకుతూ నాలుగడుగులు నడిచి ఆగి, తల ఒక పక్కకు వంచి, కదలకుండా క్షణకాలం నేలను ఆలకించి, ఒక్కసారిగా ముక్కును మట్టిలోకి దించి తెల్లని వేరుపురుగును బయటికి లాగుతుంది. మట్టి అడుగున పురుగు చేసే అతి సన్నని చప్పుడును బట్టే ఆ చోటును పసిగడుతుందని 1981లో వెలువడిన ప్రయోగ ఫలితాలు చూపాయి.

కాన్‌బెర్రా పరిసరాల్లో 1950ల మధ్య నుంచి రాబర్ట్ కారిక్ సాగించిన దీర్ఘకాలిక అధ్యయనం ఈ పక్షి సంఘజీవనాన్ని వెలుగులోకి తెచ్చింది. కొన్ని పక్షులు గుంపుగా ఏర్పడి ఒక నేలను ఏడాది పొడవునా తమదిగా కాపాడుకుంటాయనీ, అలాంటి మంచి నేల దక్కని పక్షులు సంతానానికి నోచుకోవడం అరుదనీ ఆ అధ్యయనం తేల్చింది. ఈ సంగతి తెలిస్తేగాని దాని పాట అర్థం కాదు. కంచె మీదనో ఇంటికప్పు మీదనో చేరిన పక్షులు తల వెనక్కి వాల్చి, రొమ్ము విరిచి, గొంతులు కలిపి పాడే బృందగానాన్ని ఆస్ట్రేలియాలో కెరొలింగ్ అంటారు. ఇంటివారికి అది సుప్రభాతంలా వినిపించినా, నిజానికి అది పొరుగు గుంపులకు ఎల్లలు తెలిపే చాటింపు. ఒంటరిగా కూర్చున్న పక్షి మెల్లగా తీసే కూనిరాగం వేరు. అది ఒక్కోసారి గంటకు పైగా సాగుతుంది. స్వరం నాలుగు స్థాయిల వరకు విస్తరిస్తుంది. శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉండే సిరింక్స్ అనే స్వరాంగంలోని రెండు వైపులూ విడివిడిగా పనిచేయగలగడమే పక్షుల ఈ నేర్పుకు ఆధారం. ఈ పక్షిపై 2004లో సమగ్ర గ్రంథం వెలువరించిన గిసెలా కాప్లాన్ అనుకరణ విషయాన్ని వివరంగా చర్చించారు: తన నేలలో తరచు వినిపించే ఇతర పక్షుల కూతలను, కుక్కల మొరుగును, గుర్రాల సకిలింపును, మనుషుల మాటలను కూడా అది తన పాటలో కలుపుకొంటుంది. 2019 చివర కార్చిచ్చులు చెలరేగుతున్న రోజుల్లో, న్యూకాజిల్ నగరంలో ఒక మాగ్‌పై అగ్నిమాపక వాహనాల సైరన్‌ను అచ్చంగా పలికిన దృశ్యం లోకమంతటా ప్రచారమైంది.

పాటతో కాచే నేలనే గూటికాలంలో రెక్కలతోను, ముక్కుతోను కాస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు, ముఖ్యంగా గూటిలో పిల్లలున్న ఆరు వారాల పాటు, కొన్ని మగపక్షులు దారినపోయేవారి తలలపైకి వెనుక నుంచి దూసుకొస్తాయి. దాడి చేసేవి మగపక్షుల్లో పదింట ఒకటి కూడా ఉండవు. బ్రిస్బేన్‌లోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో డారిల్ జోన్స్, సహచరులు జరిపిన పరిశోధన ప్రకారం, ఒక పక్షి పాదచారులనో, సైకిలిస్టులనో, ఉత్తరాలు పంచేవారినో ఎంచుకొని సాధారణంగా ఆ రకం వారినే తరుముతుంది. పాదచారులను తరిమేవి తరచు కొద్దిమంది నిర్దిష్ట వ్యక్తుల వెంటే పడతాయి. మనుషుల ముఖాలను గుర్తుపట్టి ఏళ్ళ తరబడి మరచిపోకపోవడం వల్లనే ఇది సాధ్యం. కంటిగాయాలు, సైకిలు ప్రమాదాలు ఏటా నమోదవుతాయి. 2021లో బ్రిస్బేన్‌లో పక్షి దాడిని తప్పించుకోబోయి తల్లి పడిపోగా చేతిలోని పసిపాప మరణించింది. హెచ్చరిక బోర్డులు, దారి మార్చుకోవడం, సైకిలు దిగి నడవడం వాడుకలో ఉన్న జాగ్రత్తలు. అదే జ్ఞాపకశక్తికి మరో ముఖం కూడా ఉంది: తమకు హాని చేయరని ఎరిగిన ఇంటివారి వద్దకు ఈ పక్షులు ఏళ్ళ తరబడి వచ్చిపోతూ, గూడు విడిచిన పిల్లలను కూడా వెంటబెట్టుకొస్తాయి.

వీటి తెలివికి గుంపుజీవనమే ఊతమని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో జరిగి 2018లో ప్రచురితమైన అధ్యయనంలో పెద్ద గుంపుల్లో పెరిగిన పక్షులు పరీక్షల్లో మెరుగ్గా రాణించాయి. 2022లో ప్రచురితమైన మరో అధ్యయనంలో క్వీన్స్‌లాండ్ శాస్త్రవేత్తలు ఐదు పక్షుల వీపుకు చిన్న జాడపరికరాలు తగిలించగా, పరికరం లేని పెద్ద ఆడపక్షి ఒకటి పది నిమిషాలలోపే చిన్నపక్షి పట్టీని ముక్కుతో విప్పే పనిలో పడింది. మూడోరోజుకల్లా అన్ని పక్షులూ వాటిని వదిలించుకున్నాయి.

ఇళ్ళవారు పెట్టే కైమాలో కాల్షియం తక్కువ కావడంతో అది పక్షికి మేలైన ఆహారం కాదని నిపుణులు హెచ్చరిస్తున్నా, మేత పెట్టే అలవాటు విస్తృతంగానే ఉంది. 2017లో జరిగిన ప్రజా ఓటింగులో మాగ్‌పై ఆ ఏటి ఆస్ట్రేలియా పక్షిగా ఎన్నికైంది. చట్టరీత్యా ఇది రక్షిత వన్యప్రాణి. అనుమతి లేకుండా ఇంట పెంచుకోరాదు. గోల్డ్‌కోస్ట్‌లో ఒక కుటుంబం చేరదీయగా కుక్కతో కలిసి పెరిగి మొరగడం నేర్చిన మోలీ అనే మాగ్‌పైని 2024 మార్చిలో అధికారులు స్వాధీనం చేసుకోగా, ప్రజల నుంచి పెద్దయెత్తున వచ్చిన విజ్ఞప్తుల తరువాత, షరతులతో కూడిన లైసెన్సు ఇచ్చి ఏప్రిల్‌లో దానిని తిరిగి అప్పగించారు.